ఆమెన్ లేని నాటకం

ఆ రోజుల్లో మా మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పిల్లలకు నడక రాకముందే కళ్లు మూసుకోవడం వచ్చేది. ఎవరైనా సరే, ఎక్కడైనా సరే, "ప్రభువా" అని గొంతు కాస్త సాగదీశారంటే చాలు, మగవాళ్ల తలలు వంగేవి, ఆడవాళ్ల పమిట చెంగులు నెత్తి మీదికి చేరేవి, అందరి కళ్లూ టక్కున మూతపడేవి. మళ్లీ "ఆమెన్" వినిపిస్తేనే తెరవడం. మధ్యలో తెరిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు కానీ, ఏదో అవుతుందని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. (నేను చిన్నప్పుడు ఒకసారి తెరిచాను. పొయ్యి దగ్గర పిల్లి పాలు తాగుతోంది. ఆమెన్ దాకా ఓపిక పట్టి అప్పుడు చెప్పాను. గిన్నె ఖాళీ.) ఈ అలవాటు ఏదో ఒకరోజు ఒక జర్మనీ నాటకం కొంప ముంచుతుందని, ఎక్కడో చలిదేశంలో కూర్చుని ఆ నాటకం రాసినాయనకు పాపం ఎలా తెలుస్తుంది?

జర్మనీ నాటకానికీ నాకూ ఏం సంబంధం అంటారేమో. నా చదువు ఆరో క్లాసుతో ఆగింది. లెక్కలకూ నాకూ పడలేదు, నేనే తగ్గి వచ్చేశాను. మారేడ్‌పల్లిలో ఒక మిషన్ బడి ఉండేది, అందులో కుట్టుపని నేర్పే టీచరమ్మకు సాయంగా చేరాను. గుండీలు కుట్టడం, హుక్కులు పెట్టడం, టీచరమ్మ లేనప్పుడు పిల్లలకు కబుర్లు చెప్పడం నా పని. (మూడోది నాకు బాగా వచ్చు.) బడి ఆవరణలోనే ఒక చిన్న దవాఖానా, దాన్ని చూసుకునే జర్మనీ నర్సు ఒకావిడ. మాకు సిస్టరమ్మ. పొడుగ్గా, తెల్లగా, వాలు కుర్చీలో కూడా నిటారుగా కూర్చునే మనిషి. తెలుగు సగం బైబిలు చదివి, సగం రోగుల దగ్గర విని నేర్చుకుంది. అందుకని ఆమె మాట ఎలా ఉండేదంటే, "నీవు జెర నోరు తెరువుము. భయపడకుము. తక్లీఫ్ ఉండదు." ఆ మాట వింటే రోగం సగం నవ్వుతోనే పోయేది.

ఆ సిస్టరమ్మ పెట్టెలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటుండేది. నది ఒడ్డున ఒక ఇల్లు, తల్లీ కూతురూ. యుద్ధం. ఎవరూ దీపం పెట్టకూడదని సైన్యం వాళ్ల హుకుం. ఆ చీకట్లో నది మీద పడవలో ఎవరో ముక్కూ ముఖం తెలియని మనుషులు, ఒడ్డు ఎక్కడుందో తెలియక తిరుగుతుంటారు. చివరి రంగంలో తల్లి మోకరించి, మా తలుపు ఎవరికీ కనపడనీయకు దేవుడా అని ప్రార్థన చేస్తూ ఉంటుంది. ఆ వెనకాల కూతురు ఒక్క మాట కూడా మాట్లాడకుండా దీపం తెచ్చి కిటికీలో పెడుతుంది. అంతే, తెర. ఆ ప్రార్థనకు ఆమెన్ కూడా ఉండదు. రాసినాయన కావాలనే పెట్టలేదట.

సిస్టరమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల అన్న, అతని స్నేహితులు కలిసి ఊళ్లో ఈ నాటకం వేశారు. వెలిగించిన దీపం పట్టుకుని తెర పక్కన నిలబడటం ఆమె పని. ఇంకా చివరి రంగం రానేలేదు, సర్కారు మనుషులు వచ్చి నాటకం ఆపించేశారు. దీపం ఆమె చేతిలోనే ఉండిపోయింది. తర్వాత అన్న మొదటి యుద్ధానికి పోయి మళ్లీ రాలేదు. రెండో యుద్ధంలో ఇక్కడి ఇంగ్లీషువాళ్లు జర్మనీవాళ్లందరినీ తీసుకుపోయి ఒక క్యాంపులో ఉంచినప్పుడు, అక్కడి నర్సులను కూడగట్టి మళ్లీ మొదలుపెట్టింది. కిటికీలో దీపం పెట్టడానికి వీల్లేదు, ఉత్తర్వు ఉంది అన్నాడట క్యాంపు ఆఫీసరు. (నాటకంలోని సైన్యం వాళ్లదీ అదే మాట. ఆయనకు ఆ సంగతి చెబితే కోపం వచ్చిందట.) ఇప్పుడు మిషన్ వాళ్లు ఆమెను స్వదేశానికి రమ్మన్నారు. "నేను ఓడ ఎక్కకమునుపు ఆ దీపము కిటికీలో ఉండుట ఒక్కసారి చూడవలెను," అంది మా హెడ్మాస్టరుగారితో. అంతకన్నా ఏమీ అడగలేదు ఆవిడ, అన్నేళ్లలో.

హెడ్మాస్టరుగారు చెయ్యి జాపితే కలం, నోరు తెరిస్తే వాక్యం. సిస్టరమ్మ జర్మనీ భాషలో ఒక ముక్క చదివి, తన తెలుగులో చెప్పేది. ఆయన దాన్ని కడిగి, తుడిచి, ప్రవక్తలు మాట్లాడే తెలుగులో రాసేవారు. ఫలితంగా పడవవాడు "ఓ స్త్రీ, నీ గృహమందు పానయోగ్యమగు జలము కలదా?" అని అడిగేవాడు. బడికి యూనిఫారాలు కుట్టే దర్జీ మామూ కిటికీ దగ్గర కూర్చుని కోట్లకు కొలతలు చూసుకుంటున్నాడు. మెట్టుగూడలో మా వెనక గల్లీలోనే వాళ్ల ఇల్లు. ఆ మాట విని కత్తెర పక్కన పెట్టాడు.

"సార్, గుస్సా జెయ్యకుండ్రి. గిట్ల అడిగేటాళ్లకు నీళ్లు దొరికేలోపల పానం బోతది."

"మరి ఎట్లా అడగాలయ్యా?"

"ఏందీ అడిగేది? 'అమ్మా, జెర నీళ్లు పొయ్యి' అంటే అయిపాయె."

సిస్టరమ్మ చప్పట్లు కొట్టింది. "ఇదే! పుస్తకములో ఇట్లే ఉన్నది!" ఆ రోజు నుంచి హెడ్మాస్టరుగారు రాయడం, మామూ విని ముఖం చిట్లించడం, మళ్లీ రాయడం. నది పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మూసీ అందామన్నారు హెడ్మాస్టరుగారు. "ఎండకాలం మూసీల మోకాలు సుత తడవది సార్, పడవెందుకు?" అన్నాడు మామూ. మాది గుంటూరు వైపు కాబట్టి మా అమ్మ కృష్ణ తప్ప ఇంకోటి నది కాదంది. చివరికి ఉత్త 'నది' అని ఉంచేశారు. మంచు బదులు వాన పెట్టడానికి సిస్టరమ్మ ఒప్పుకుంది కానీ, క్యాబేజీ పులుసు బదులు పప్పుచారు పెడతామంటే మాత్రం ససేమిరా అంది. "పప్పుచారు త్రాగు జనులు ఇంత దుఃఖముగా ఉండరు," అంది.

ఇక కూతురి వేషం. ఏ ఇంటివాళ్లు పంపుతారు ఆడపిల్లను స్టేజీ మీదికి? పెద్ద క్లాసు మగపిల్లవాడికి చీర కట్టి చూపించారు హెడ్మాస్టరుగారు. సిస్టరమ్మ చాలాసేపు చూసి, "మీసము గల కుమార్తె వద్దు," అంది. ఆ చిక్కు తెగకముందే సెప్టెంబరు వచ్చింది. మిలిటరీ వస్తోందని ఒకరు, వచ్చేసిందని ఒకరు. ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. పోలీసు యాక్షన్ అనే మాట తర్వాత తెలిసింది మాకు. అప్పటికి తెలిసింది భయం ఒక్కటే. రిహార్సల్స్ ఆగిపోయాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, నాన్న డ్యూటీలో ఉన్నాడు. మా అమ్మ పక్క క్వార్టర్ల ఆడవాళ్లను పోగేసి ముందుగదిలో మోకరించింది. మా అమ్మ ప్రార్థన అంటే మెట్టుగూడ మొత్తానికి పేరు. సన్నగా మొదలై, ఘాట్ ఎక్కుతున్న రైలింజనులా ఊపిరి పుంజుకుని, బంధువులందరి స్టేషన్లూ ఆగుతూ పోతుంది. "తండ్రీ, మా గుమ్మంలోకి ఎవరినీ రానివ్వకు తండ్రీ!" అంటోంది. అప్పుడే వెనక తలుపు ఎవరో గోటితో గీకినట్టు చప్పుడైంది. కళ్లు తెరవాలా వద్దా అని ఒక్క క్షణం తన్నుకున్నాను. పిల్లి సంగతి గుర్తొచ్చింది. తెరిచి, మెల్లగా వెళ్లి గడియ తీశాను. దర్జీ మామూ, ఆయన భార్య, పిల్లలు, ఒక మూట, ఒక కుట్టుమిషను.

"ఎవరెవరో తిరుగుతుండ్రు బేటీ, మా సాయిబుల ఇండ్లు ఏడున్నయని అడుగుతుండ్రు. ఏం జేస్తరో ఏమో. జెర గీడ కూసుంటం. అమ్మను అడుగు," అన్నాడు.

అడగాలంటే ప్రార్థన ఆపాలి. ప్రార్థన ఆపడం నా వల్ల కాదు. నోటి మీద వేలు పెట్టుకుని లోపలికి తీసుకొచ్చి గోడవార కూర్చోబెట్టాను. అమ్మ ఇంకా "ఎవరినీ రానివ్వకు" దగ్గరే ఉంది. చివరికి ఆమెన్ అంది, కళ్లు తెరిచింది. ఎదురుగా ఇంటినిండా జనం. నన్ను చూసింది, మామూని చూసింది, వాళ్ల చిన్నపిల్ల ముక్కు చీమిడి చూసింది.

"చూస్తావేవిటే మొద్దులా? ఎసట్లో ఇంకాసిని బియ్యం పొయ్యి," అంది.

భయం తగ్గేదాకా వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఊరికే ఉండలేక మామూ మా ఇంట్లో ఉన్న చిరుగులన్నీ కుట్టేశాడు. చివరికి చిరగనివి కూడా. తర్వాత బడి తెరిచాక నేను ఈ కథంతా వినోదంగా సిస్టరమ్మకు చెప్పాను. నేను చేతులు తిప్పుతూ చెబుతున్నాను, ఆమె నవ్వట్లేదు. నా గడ్డం పట్టుకుని అంది: "దీపము పెట్టు పిల్ల నీవే."

మా అమ్మ ఒప్పుకుంటుందా? "స్టేజీ మీదికా? పెళ్లి కావలసిన పిల్ల! నా కళ్ల ముందు ఉంటే తప్ప నేను పంపను," అంది. హెడ్మాస్టరుగారు మాట పట్టేశారు. "అయితే కళ్ల ముందే ఉంచుకోండి. తల్లి వేషం మీరు వెయ్యండి. ప్రార్థన ఒక్కటే చెయ్యాలి." ప్రార్థన అనేసరికి మా అమ్మ మెత్తబడింది. కానీ ఆ ప్రార్థనలో 'నదిలో ఉన్నవాళ్లను నదిలోనే ఉంచు' అని ఒక మాట ఉంది. "చచ్చినా అనను. అదేం ప్రార్థనండీ? ఉసురు తగులుతుంది," అని మొండికేసింది.

"పుస్తకములో ఉన్నది," అంది సిస్టరమ్మ.

"పుస్తకంలో ఉంటే పుస్తకంలోనే ఉండనివ్వండమ్మా. నా నోట్లోకి ఎందుకు?"

చివరికి 'నదిలో ఉన్నవాళ్ల సంగతి నువ్వే చూసుకో' అనడానికి రాజీ కుదిరింది. ఇంకో షరతు కూడా పెట్టింది. దేవుడితో ఉత్తుత్తి మాటలు తన వల్ల కాదు కాబట్టి రిహార్సల్లో ప్రార్థన చెయ్యదు. ఆ జాగా వచ్చినప్పుడల్లా "ఇక్కడ నేను ప్రార్థన చేస్తానండీ," అనేసి లేచి చీర దులుపుకునేది. నేను దీపం కిటికీలో పెట్టేదాన్ని. రిహార్సలు బ్రహ్మాండం.

నాటకం క్రిస్మసుకు ముందు, బడి హాల్లో. మర్నాడే సిస్టరమ్మ బొంబాయి రైలెక్కాలి. ఇంకోసారి అన్నది లేదన్నమాట. ఎడమవైపు మగవాళ్లు, కుడివైపు ఆడవాళ్లు, ముందు వరస కుర్చీల్లో మా పాస్టరయ్యగారు, పక్కన సిస్టరమ్మ. తెర లాగడం దర్జీ మామూ పని. మొదటి రంగాలు బాగానే నడిచాయి. బాగానే అంటే, జనం కూడా మాట్లాడారు. సైన్యం ఆఫీసరుగా హెడ్మాస్టరుగారు ఖాకీ వేసుకుని "దీపములు ఆర్పుడు!" అని గర్జిస్తే, వెనక నుంచి ఒక ముసలమ్మ "నీ నోట్ల మన్నువడ, పిల్ల దడుసుకుంటది, మెల్లగ జెప్పు!" అని అరిచింది. ఆయన నిజంగానే మెల్లగా చెప్పారు. నేను క్యాబేజీ పులుసు తాగినప్పుడు "పాపం" అన్నారు చాలామంది. తెర పక్కన వెలిగించిన లాంతరు సిద్ధంగా ఉంది. కంగారుగా సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె కుర్చీ అంచుకు వచ్చి కూర్చుంది.

చివరి రంగం. మా అమ్మ మోకరించింది. "ప్రభువా..." అని గొంతు సాగదీసింది.

హాలంతా గలగలమంది. పమిట చెంగులు నెత్తి మీదికి ఎక్కుతున్న చప్పుడు. ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచి ఎరుగుదును కదా, నా చెయ్యి దానంతట అదే పమిట లాగింది, నా తల వంగింది, నా కళ్లు మూతపడ్డాయి. స్టేజీ మీదున్నానన్న సంగతి ఎటో పోయింది. మా అమ్మ పుస్తకంలో ఉన్నంతా చెప్పేసి, అక్కడ ఆగడం ఇష్టం లేక మా నాన్న ఉబ్బసం, రైల్వే డిపార్ట్‌మెంటు, మా పిన్ని కాన్పు, కొత్త సర్కారు, వీటన్నిటి మీదుగా పోతోంది. నేను మనసులో "అవును తండ్రీ" అంటున్నాను. అప్పుడు తెర పక్క నుంచి గుసగుస.

"బేటీ! లాంతరు! లాంతరు బేటీ! నిద్రబోయినవా ఏందీ?"

ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. మామూ చేతిలోంచి లాంతరు లాక్కుని, మునివేళ్ల మీద నడిచి, కిటికీలో పెట్టాను. చక్కగా కుదిరింది. వెలుగు నా మీదా, అమ్మ వీపు మీదా పడింది. అప్పుడు గర్వంగా జనం వైపు తిరిగాను.

ఒక్క మనిషి చూడట్లేదు.

అన్నీ వంగిన తలలే. ముసలమ్మ, పిల్లలు, ఖాకీలో పక్కన నిలబడ్డ హెడ్మాస్టరుగారు, టోపీ తీసి గుండెకు ఆనించుకుని మరీ. ముందు వరసలో సిస్టరమ్మ. చేతులు జోడించి, గట్టిగా కళ్లు మూసుకుని. ఊరు దాటి, సముద్రం దాటి, క్యాంపు దాటి ఇక్కడిదాకా వచ్చిన దీపం ఆమె ముక్కుకు ఎదురుగా వెలుగుతోంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది!

అమ్మ ప్రార్థన అయిపోయింది. ఆమెన్ అనొద్దని చెప్పారు కాబట్టి అనలేదు. హాలు నిశ్శబ్దం. అందరూ ఆమెన్ కోసం కాచుకుని ఉన్నారు. నేను "సిస్టరమ్మా!" అని అరుద్దామనుకున్నాను, ప్రార్థనలో అరవడానికి గొంతు రాలేదు. మామూ అటు చూశాడు, ఇటు చూశాడు, తనకు చెప్పిన ప్రకారం తెర లాగేశాడు. ఆ నిశ్శబ్దంలో ఏదో లోటు జరిగిందనుకున్నారేమో పాస్టరయ్యగారు, మామూలు మీటింగుల్లాగే తానే అందుకుని, ఈ కూటమిని ఆశీర్వదించమని నాలుగు ముక్కలు చెప్పి "ఆమెన్" అన్నారు. హాలంతా "ఆమెన్!" అని కళ్లు తెరిచింది. ఎదురుగా మూసిన తెర.

"అయిపాయెనా?"

"ఆ పిల్ల ఏం జేసిందే ఆఖరికి?"

"ఏమో వదినా, నేను ప్రార్థనల ఉంటిని."

నేను తెర సందులోంచి చూస్తున్నాను. సిస్టరమ్మ మెల్లగా లేచి నిలబడింది. ఆమె ముఖం చూడలేక నేనే మళ్లీ కళ్లు మూసుకుందామనుకున్నాను. "నేనును," అంది, ఎవరితోనో కాదు, తెరతో. "నేనును కన్నులు మూసికొంటిని." అని కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ అలా నవ్వడం ఎవరం చూడలేదు. నవ్వుతూ నవ్వుతూ జేబురుమాలు తీసేసరికి, అది నవ్వేనా అని నాకు అనుమానం వచ్చి, తెర కిందుగా దూరి బయటికి ఉరికాను. "మళ్లీ చేస్తాం సిస్టరమ్మా! ఆఖరి రంగం మళ్లీ చేస్తాం! ఎవరూ లేవకండి!" అని కేకేశాను.

అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ. ఈసారి అందరూ కళ్లు తెరిచి ఉంచాలని హెడ్మాస్టరుగారు ప్రకటించారు.

"కండ్లు దెరిచి ప్రార్థననా? దేవుడు ఏమనుకుంటడు?" అంది ముసలమ్మ. అందరూ పాస్టరయ్యగారి వైపు చూశారు.

ఆయన దగ్గి, "ఇది నిజమైన ప్రార్థన కాదమ్మా. ప్రార్థన వేషం," అన్నారు.

"వేషవా?" మా అమ్మ తెర చీల్చుకుని వచ్చేసింది. "మనస్ఫూర్తిగా చేశానండీ అయ్యగారూ! మా చెల్లెలి కాన్పు వేషవా? మా ఆయన ఉబ్బసం వేషవా?" ఇక చెయ్యనంటే చెయ్యనంది. అయ్యగారు తలపట్టుకున్నారు. సిస్టరమ్మ గడియారం చూసుకుంది, సామాను ఇంకా కట్టుకోవాలి.

తెర తాడు చేతిలో పట్టుకునే దర్జీ మామూ వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నువ్వు మొదలు జేసిన దువా మీదికి చేరిపోయింది. దానికి తిరుగు లేదు. గీ రెండోది మా కోసం చెయ్యి. ఆ దినం మీ ఇంట్ల సుత నువ్వు కండ్లు మూసుకునే ఉంటివి. బేటీ మమ్ముల లోపలికి తెచ్చింది నువ్వు చూడనే లేదు. గిప్పుడన్న అందరు చూడనీ."

మా అమ్మ ముక్కు చీదుకుని, వెళ్లి మోకరించింది.

రెండోసారి ఆ హాలు చూడాలి! ఆడవాళ్ల చేతులు పమిట దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాయి. పిల్లలు వేళ్లతో రెప్పలు పైకి పట్టుకున్నారు. పాస్టరయ్యగారు రెప్ప కొట్టకుండా చూసి చూసి కళ్లలో నీళ్లు తెచ్చుకున్నారు. ముసలమ్మ ఒక కన్ను దేవుడికీ, ఒక కన్ను నాకూ ఇచ్చింది. నేను లాంతరు పట్టుకుని నడుస్తుంటే ఎవరో "మెల్లగ బిడ్డా, కాలు తట్టుకుంటది," అన్నారు. కిటికీలో పెట్టాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దగ్గలేదు కూడా. సిస్టరమ్మ కళ్లు ఇంతింతలు చేసుకుని చూస్తోంది. రెండు చేతులూ ఒళ్లో లేవు, ముందుకు వచ్చి ఉన్నాయి, ఏదో అందించిన తర్వాత అలాగే ఉండిపోయిన చేతుల్లా.

తెర పడ్డాక నేను ఆమె దగ్గరికి పరుగెత్తాను. ఏదో గొప్ప మాట అంటుందని చూస్తున్నాను. "దీపము ఎడమ చేతితో పట్టవలెను," అంది. "పుస్తకములో ఎడమ చేయి."

"అయ్యో! మళ్లీ చెయ్యమంటారా సిస్టరమ్మా?"

నా చెంప మీద చెయ్యి వేసింది. "వద్దు. చాలును. కనబడెను."

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాకు పెళ్లయింది, ఒక కూతురు. ఆ నాటకం మళ్లీ ఎక్కడైనా వేశారో లేదో తెలియదు. నాకు మాత్రం ఒక జబ్బు అంటుకుంది: ప్రార్థనలో ఒక కన్ను తెరుచుకుంటుంది. మొన్న ఆదివారం చర్చిలో అలాగే తెరిస్తే, పక్కన మా అమ్మ. పమిట నెత్తి మీద ఉంది, తల వంగి ఉంది, కానీ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. ఇంటికి వచ్చాక అడిగాను, "ఏంటమ్మా, నువ్వు కూడా ప్రార్థనలో కళ్లు తెరుస్తున్నావు?" అని.

"నువ్వు పక్కనుంటే మూసుకుని ఎలా ఉంటానే?" అంది మా అమ్మ, పొయ్యి మీద ఎసరు చూసుకుంటూ. "తెరిచేసరికి ఇంటినిండా జనాన్ని తెచ్చి కూర్చోబెట్టే పిల్లవి. ఎన్ని సోలల బియ్యం పొయ్యాలో ముందే చూసుకోవద్దూ?"